అమెరికా ఆర్డరు ఆగిపోతే సెజ్ యూనిట్ ఏం చేయాలి?

2025 ఆగస్టు చివరి వారం. విశాఖ దువ్వాడ సెజ్‌లో, అంటే ఎగుమతుల కోసం పెట్టిన ప్రత్యేక ఆర్థిక మండలిలో, నాకు తెలిసిన ఒక చిన్న బట్టల యూనిట్‌లో రాత్రి పదకొండింటికి కంటైనర్ నింపుతున్నారు. 27వ తేదీ నుంచి మన సరుకు మీద అమెరికా వేసే అదనపు సుంకం 25 నుంచి 50 శాతానికి పోతుంది. ఆ తేదీ లోపు ఓడ ఎక్కిన సరుకుకు పాత రేటే అని ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. ఇంకేముంది, పరుగే పరుగు. ఓడ ఎక్కించారు, టీ తాగారు, ఊపిరి పీల్చుకున్నారు. కానీ సుంకం పెంచిన అమెరికా ఉత్తర్వులో రెండో షరతు కూడా ఉంది. సరుకు సెప్టెంబర్ 17 లోపు అమెరికా కస్టమ్స్‌లో నమోదు కావాలి. విశాఖలో ఎక్కిన పెట్టె దారిలో ఓడ మారి అమెరికా చేరడానికి మూడు వారాలు ఎక్కడ సరిపోతాయి? ఓవర్‌టైం డబ్బులూ పోయాయి, 50 శాతమూ పడింది.

ఆ తర్వాత 2026 ఫిబ్రవరిలో లెక్క మళ్ళీ మారింది. ఇకముందు కూడా మారుతుంది. రేటు ఎంత ఉన్నా, కొనుగోలుదారు నుంచి 'షిప్‌మెంట్ ఆపండి' అని మెయిల్ వచ్చిన రోజు సెజ్ యూనిట్ యజమాని ఏ వరసలో కదలాలో ఇక్కడ రాస్తున్నాను. ఇరవై ఏళ్లుగా దువ్వాడ, అచ్యుతాపురం చుట్టూ ఎక్స్‌పోర్ట్ కాగితాలు చూస్తున్న అనుభవం ఇది. ఉదాహరణలకు బట్టల యూనిట్‌నే తీసుకుంటాను. మీది నగల పని అయినా, మెషీన్ విడిభాగాలు అయినా వరస ఇదే.

1. ముందు బీరువా తెరవండి

ఆర్డరు ఆగగానే చాలామంది చేసే మొదటి పని హైదరాబాద్‌లో తెలిసిన హోల్‌సేల్ వ్యాపారికి ఫోన్ కొట్టడం. ఆగండి. ముందు మూడు కాగితాలు బయటికి తీయండి: మీ యూనిట్‌కి ఇచ్చిన అనుమతి పత్రం, అంటే మనం లెటర్ ఆఫ్ అప్రూవల్ లేదా ఎల్‌ఓఏ అనేది, సెజ్‌ని చూసుకునే అధికారి డెవలప్‌మెంట్ కమిషనర్‌కి (డీసీ) రాసిచ్చిన బాండు, నిరుడు దాఖలు చేసిన వార్షిక పనితీరు నివేదిక.

ఇప్పుడు కాగితం మీద నికర విదేశీ మారకం లెక్క వేయండి. దీన్ని అందరూ ఎన్‌ఎఫ్‌ఈ అంటారు. ఉత్పత్తి మొదలైన రోజు నుంచి ఐదేళ్లకు కలిపి ఇది సున్నా కంటే పైన ఉండాలి. ఎగుమతుల ఎఫ్‌ఓబీ విలువలోంచి (ఓడ ఎక్కించే దాకా అయిన సరుకు విలువ) దిగుమతి ముడిసరుకు విలువ తీసేయండి. దిగుమతి చేసుకున్న మెషీన్ల విలువలో ఏడాదికి పదో వంతు తీసేయండి. విదేశాలకు కట్టిన కమీషన్లు, రాయల్టీలు కూడా తీసేయండి.

ఉదాహరణకు మీ యూనిట్‌కి మూడేళ్లు నిండాయి. ఎగుమతులు 18 కోట్లు, దిగుమతి గుడ్డ, జిప్పులు, బొత్తాలు 9 కోట్లు, దిగుమతి మెషీన్లు 4 కోట్లు. మెషీన్ల కింద మూడేళ్లకు 1.2 కోట్లు. మిగిలింది 7.8 కోట్లు. ఇది మీ పరుపు. రాబోయే రెండేళ్లు ఎగుమతులు బాగా పడిపోయినా ఎన్‌ఎఫ్‌ఈ వైపు నుంచి మీకు టెన్షన్ లేదు. అదే బంగారం తెచ్చి నగలు చేసి పంపే యూనిట్ అయితే, వంద రూపాయల ఎగుమతిలో తొంభైకి పైగా దిగుమతే ఉండవచ్చు. అక్కడ పరుపు చాలా పలచన, ఒక్క చెడ్డ ఏడాది చాలు కింద నేల తగలడానికి. లెక్క మైనస్‌లోకి పోతే విదేశీ వాణిజ్య చట్టం కింద జరిమానా దాకా వెళ్తుంది.

ఈ లెక్క ముందు ఎందుకంటే, మామూలుగా రూపాయల్లో దేశంలో అమ్మిన సరుకు ఎగుమతి కింద జమ కాదు. పరుపు ఎంత ఉందో తెలియకుండా లోకల్‌గా అమ్మడం మొదలుపెడితే, ఐదో ఏడు చివర ఆడిటర్ ముఖం చూడాల్సి వస్తుంది.

2. సరుకు ఎక్కడుందో చూడండి

ఆగిన ఆర్డరు అంతా ఒక్కచోట ఉండదు. కొంత గుడ్డ తాను విప్పకుండా ఉంటుంది, కొంత కటింగ్ టేబుల్ మీద, కొంత అట్టపెట్టెల్లో, కొంత పోర్టులో, కొంత సముద్రం మీద. ఒక్కోదానికి మందు వేరు.

విప్పని తాను మంచి ఆస్తి. కొత్త ఆర్డరుకు వాడుకోవచ్చు. కానీ అది వాడే దాకా కొత్త గుడ్డ దిగుమతి ఆపండి. కత్తిరించినది వేరే కొలతకు పనికిరాదు, కాబట్టి అదే కొనుగోలుదారుతో మాట్లాడి ముగించుకోవాల్సిందే. పోర్టు లోపలికి పోయి ఓడ ఎక్కనిదాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి కస్టమ్స్ అనుమతి ఉంది, మీ కస్టమ్స్ ఏజెంటుకి (సీహెచ్‌ఏ) ఆ దారి తెలుసు. రోజురోజుకీ పోర్టు అద్దె పెరుగుతుంది కాబట్టి ఈ నిర్ణయం రెండు రోజుల్లో తేల్చండి.

సముద్రం మీద ఉన్నదానికి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) ఎవరి పేరున ఉంది, ఒరిజినల్ ఎవరి చేతిలో ఉంది? 'టు ఆర్డర్' అని రాసి, ఒరిజినల్స్ మీ బ్యాంకు చేతిలో ఉంటే సరుకు ఇంకా మీదే. కొనుగోలుదారు కాదంటే అక్కడే ఇంకొకరికి అమ్మవచ్చు, బ్యాంకుకి చెప్పి. పాత పరిచయం కదా అని ఒరిజినల్స్ ముందే సరెండర్ చేసేసి ఉంటే ఇక దండం పెట్టి అడుక్కోవడమే.

3. కొనుగోలుదారుతో అంకెల్లో మాట్లాడండి

'మీరు 20 శాతం తగ్గించండి' అని మెయిల్ వస్తుంది. భయపడి ఒప్పుకోకండి, కోపంగా జవాబూ రాయకండి. లెక్క చేయండి.

నూలు టీ షర్టు 10 డాలర్లు అనుకుందాం. అమెరికాలో దానికి మామూలు సుంకమే 16.5 శాతం. పైన 50 శాతం ఉన్న నెలల్లో మొత్తం 66.5, అంటే చొక్కా మీద 6.65 డాలర్లు. కొనుగోలుదారుకి పడేది 16.65. ఇప్పుడు మీరు ఒక డాలరు తగ్గిస్తే, 9 మీద సుంకం 5.99 అవుతుంది. అతనికి మొత్తం పడేది 14.99. మీరు వదిలింది ఒక డాలరు, అతనికి మిగిలింది 1.66. ఈ ముక్క చాలామంది ఎగుమతిదారులు చెప్పరు, కొనుగోలుదారు ఎలాగూ చెప్పడు. కాబట్టి తగ్గింపు అడిగినప్పుడు మీ వాటాకి బదులు ఏదో ఒకటి అడగండి: అడ్వాన్స్ కొంత, లేదా తర్వాతి సీజన్ ఆర్డరు రాతపూర్వకంగా, లేదా 90 రోజుల చెల్లింపు 45కి. సుంకం రేటు తగ్గితే తగ్గింపు కూడా రద్దు అని ఒక వాక్యం తప్పకుండా రాయించండి.

ధర తగ్గింపు షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం) వేసే ముందే ఇన్‌వాయిస్‌లోకి రావాలి. సరుకు వెళ్లాక తగ్గిస్తే, షిప్పింగ్ బిల్లులో చూపిన డబ్బు పూర్తిగా రాలేదని బ్యాంకులో ఆ ఎంట్రీ మూయకుండా ఉండిపోతుంది. అప్పుడు బ్యాంకు అనుమతికి తిరగాలి.

డీడీపీ షరతుకి ఒప్పుకోకండి. అంటే అక్కడి సుంకం కూడా మీరే కట్టి ఇంటికి చేర్చడం. రేటు రాత్రికి రాత్రి మారే కాలంలో అది చెవిలో పువ్వు పెట్టించుకోవడమే. ఇంకో దేశం మీదుగా తిప్పి, అక్కడి సరుకని చూపిద్దాం అని సలహా ఇచ్చే దళారులూ వస్తారు. అలా దొంగదారిన తిప్పిన సరుకుకు 40 శాతం వేస్తామని అమెరికా 2025 జులై ఉత్తర్వులోనే రాసింది. ఆ ఫోన్ పెట్టేయండి.

4. బ్యాంకుకి మీరే ముందు వెళ్లండి

ఆర్డరు మీద తీసుకున్న ప్యాకింగ్ క్రెడిట్, అంటే సరుకు తయారీకి బ్యాంకు ముందుగా ఇచ్చిన అప్పు, ఉంటుంది. ఆర్డరు రద్దయి, సరుకు వెళ్లకపోతే అది మామూలు అప్పుగా మారుతుంది, వడ్డీ పెరుగుతుంది. మేనేజర్ పిలిచే దాకా ఆగకుండా ఆగిన ఆర్డర్ల పట్టికతో వెళ్లి, అప్పుని ఇంకో ఆర్డరుకు మార్చమని అడగండి.

2025 నవంబర్ 14న రిజర్వ్ బ్యాంకు కొన్ని వెసులుబాట్లు ఇచ్చింది. వాటిలో రెండు మీ ఫైలులో రాసుకోండి. ఎగుమతి డబ్బు తెచ్చుకునే గడువు 9 నెలల నుంచి 15 నెలలకు పెరిగింది. అడ్వాన్స్ తీసుకున్నాక సరుకు పంపే గడువు ఏడాది నుంచి 3 ఏళ్లయింది. అదే రోజు ప్యాకింగ్ క్రెడిట్ కాలం 450 రోజులకు పెంచారు, అది 2026 మార్చి 31 వరకు ఇచ్చిన అప్పులకు. దానికి రెండు రోజుల ముందు కేంద్ర క్యాబినెట్ ఎగుమతిదారులకు 20,000 కోట్ల దాకా అదనపు రుణాలకు నూరు శాతం ప్రభుత్వ గ్యారంటీ ఇచ్చే పథకాన్ని ఆమోదించింది. ఇలాంటి పథకాలకు ముగింపు తేదీలుంటాయి, మళ్ళీ పొడిగింపులూ వస్తుంటాయి. మీరు వెళ్లిన రోజున ఏది నడుస్తోందో ఫారెక్స్ డెస్క్‌లో అడగండి. బ్రాంచి కౌంటర్‌లో అడిగితే 'మాకు సర్క్యులర్ రాలేదు' అంటారు, అది మామూలే.

ఈసీజీసీ పాలసీ, అంటే ఎగుమతి బాకీలకు ప్రభుత్వ సంస్థ ఇచ్చే బీమా, ఉంటే ఇప్పుడు చదవండి. కొనుగోలుదారు దివాలా తీసినా, సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టినా అది పనికొస్తుంది. సుంకం పెరిగింది కాబట్టి తగ్గించమన్నాడంటే దానికి పనికిరాదు. పంపిన సరుకు డిక్లరేషన్లు సమయానికి ఇవ్వకపోయినా, బాకీ దాటిన సంగతి దాచినా క్లెయిమ్ పోతుంది. ప్రీమియం కట్టి, డిక్లరేషన్ మర్చిపోయిన వాళ్లను నేను ముగ్గురిని చూశాను.

5. దేశంలో అమ్మాలంటే

ఇప్పుడు హైదరాబాద్ ఫోన్ గురించి. సెజ్ గోడ లోపల ఉన్నది కస్టమ్స్ లెక్కలో విదేశం లాంటిది. గేటు దాటి దేశంలోకి, అంటే డీటీఏలోకి వచ్చిందంటే దిగుమతి కిందే లెక్క. కొనేవాడు బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) వేయాలి, లేదా మీరు వేయడానికి రాసివ్వాలి. అతనికి ఐఈసీ నంబరు (ఎగుమతి, దిగుమతి చేసేవాళ్లకు ఇచ్చే కోడ్) ఉండాలి. చిన్న వ్యాపారి దగ్గర అది ఉండదు, బేరం అక్కడే సగం ఆగుతుంది.

ఆ నంబరు ఉన్నవాడే దొరికాడనుకుందాం. మీ సరుకు విలువ 100 రూపాయలు, దానికి బేసిక్ కస్టమ్స్ సుంకం 20 శాతం అనుకోండి. సుంకం 20, దాని మీద పదో వంతు సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జ్ 2. మొత్తం 122. దీని మీద 5 శాతం ఐజీఎస్టీ 6.10. ఐజీఎస్టీ అతను క్రెడిట్ తీసుకుంటాడు, పోయేది కాదు. కానీ ఆ 22 రూపాయలు పోయినట్టే. తిరుప్పూర్‌లో మీలాంటివాడే 40 రూపాయల విదేశీ గుడ్డ తెచ్చి, అదే 20 శాతం కట్టి కుట్టాడనుకోండి. అతనికి సుంకం, సర్‌ఛార్జ్ కలిపి 8.80. దేశీ గుడ్డ వాడితే అది కూడా లేదు. మీరు కోయంబత్తూరు గుడ్డ వాడినా సరే, తయారైన చొక్కా మీద 22 కట్టాలి. సెజ్ యజమానులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నది ఈ తేడా గురించే.

2026-27 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ దీని మీద ఒక మాట చెప్పారు. ప్రపంచ వాణిజ్యం ఒడుదొడుకుల వల్ల సెజ్ ఫ్యాక్టరీల సామర్థ్యం ఖాళీగా ఉంటోందని, ఒక్కసారికి ప్రత్యేక చర్యగా అర్హత గల తయారీ యూనిట్లు తగ్గించిన సుంకంతో డీటీఏలో అమ్ముకోవచ్చని ప్రతిపాదించారు. పరిమాణానికి హద్దు ఉంటుంది, అది మీ ఎగుమతుల్లో ఒక వాటా. దీన్ని వాడుకోవాలనుకుంటే నోటిఫికేషన్ కాగితం చేతిలో పెట్టుకుని నాలుగు చూడండి: మీ సరుకు హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకాన్ని చెప్పే నంబరు) అందులో ఉందా, మీ యూనిట్ అర్హత కిందికి వస్తుందా, వాటా ఏ ఏడాది ఎగుమతుల మీద లెక్కిస్తారు, గడువు ఎప్పటిదాకా. ఇవి తేలాకే ధర చెప్పండి. హద్దు ఎగుమతులతో ముడిపడి ఉంది కాబట్టి, ఎగుమతి పూర్తిగా వదిలేసి లోకల్‌కి తిరుగుదాం అనే ఆలోచన ఇక్కడ నడవదు.

ఇంకో చిక్కు లేబుల్. అమెరికా బ్రాండ్ కోసం కుట్టిన చొక్కా, వాళ్ల లేబుల్‌తో మన బజారులో అమ్మడానికి కుదరదు, వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. లేబుల్ కత్తిరించి అమ్మేద్దాం అంటారు. బొమ్మ, డిజైన్ వాళ్లదే అయితే అది కూడా గొడవే. ఆర్డరు రద్దు మాటల్లోనే ఈ అనుమతి కూడా అడిగేయండి. సరుకు తీసుకోనివాడు అంతమాత్రం ఇవ్వడానికి మామూలుగా అడ్డు చెప్పడు.

6. మెషీన్లు ఖాళీగా ఉంచకండి

నాకు అన్నిటికంటే నచ్చే దారి ఇది, దీన్ని ఎక్కువమంది వాడరు. సెజ్ నిబంధనల్లో 43వ నియమం కింద, బయట ఉన్న ఎగుమతిదారు కోసం మీరు జాబ్ వర్క్ చేయవచ్చు. అతని గుడ్డ, అతని ఆర్డరు, మీ మెషీన్లు. షరతు ఏమిటంటే, తయారైన సరుకు మీ సెజ్ నుంచే నేరుగా విదేశానికి వెళ్లాలి. తిరిగి దేశంలో అమ్మకానికి పోకూడదు. సెజ్‌లో ఉండే కస్టమ్స్ అధికారి, అంటే స్పెసిఫైడ్ ఆఫీసర్ దగ్గర ఏడాదికి అనుమతి తీసుకోవాలి. లాభం తక్కువే, డబ్బు రూపాయల్లోనే, కానీ కుట్టే లైన్ నడుస్తుంది.

లైన్ నడవడం ఎందుకు ముఖ్యమో చెబుతాను. గాజువాక, అనకాపల్లి, యలమంచిలి వైపు నుంచి యూనిట్ బస్సుల్లో వచ్చే టైలర్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. కాలర్ కుట్టడం, జిప్పు వేయడం ఒక్కోటి నెలల మీద వచ్చే చేయి. ఒకసారి ఇంటికి పంపితే ఆర్డరు వచ్చిన నాడు వాళ్లు పక్క యూనిట్‌లో ఉంటారు. రెండు షిఫ్టులు ఒకటి చేయండి, ఓవర్‌టైం ఆపండి, సెలవులు ముందుకి జరపండి. ఏం జరుగుతోందో లైన్ సూపర్‌వైజర్ల ద్వారా పుకారుగా కాకుండా మీరే భోజనాల వేళ చెప్పండి.

7. వేరే దేశం వెతికేటప్పుడు

యూఏఈతో ఒప్పందం 2022 మే 1 నుంచి, ఆస్ట్రేలియాతో 2022 డిసెంబర్ 29 నుంచి, స్విట్జర్లాండ్, నార్వే ఉన్న ఎఫ్టా దేశాలతో 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. తక్కువ సుంకంతో అమ్మవచ్చని అందరూ చెబుతారు. సెజ్ వాళ్లకి మాత్రం ఇక్కడ ఒక గొయ్యి ఉంది.

సుంకం తగ్గింపు 'భారత్‌లో పుట్టిన' సరుకుకే. సుంకం లేకుండా విదేశీ ముడిసరుకు తెచ్చుకోవడం సెజ్ సుఖం. ఆ సుఖమే ఇక్కడ అడ్డం తిరుగుతుంది. చైనా గుడ్డతో విశాఖలో కుట్టిన చొక్కా మీద 'మేడ్ ఇన్ ఇండియా' అని ఉండవచ్చు. కానీ ఆ ఒప్పందం లెక్కలో అది భారతీయ సరుకు అవుతుందో లేదో ఆ హెచ్‌ఎస్ కోడ్‌కి రాసిన నియమాన్ని బట్టి ఉంటుంది: ఎంత శాతం విలువ ఇక్కడ కలిసింది, ఏ దశ పని ఇక్కడ జరిగింది. ధర చెప్పేముందే ఆ నియమం తీసి చదవండి. తేలకపోతే ఆ ఆర్డరుకు దేశీ గుడ్డ వేసి ధర కట్టండి. గుడ్డ ఇచ్చినవాడి నుంచి ఎక్కడ నేసిందో రాయించుకుని దాచండి. ఆరిజిన్ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు, కానీ ఏడాది తర్వాత అక్కడి కస్టమ్స్ ప్రశ్న పంపితే మీ దగ్గర కాగితం ఉండాలి.

8. చివరి కాగితాలు

కొత్త ఆర్డరు కొత్త రకం సరుకుకు వచ్చిందా? ఎల్‌ఓఏలో ఆ సరుకు పేరు ఉందో లేదో చూడండి. ఒక యూనిట్‌కి దుబాయ్ నుంచి ఆసుపత్రి యూనిఫారాల ఆర్డరు వచ్చింది. ఎల్‌ఓఏలో అల్లిక దుస్తులు అని మాత్రమే ఉంది, ఇవేమో నేత గుడ్డ. గుడ్డ వచ్చి గేటు దగ్గర ఆగింది. కొత్త సరుకు చేర్చడానికి అప్రూవల్ కమిటీ ఆమోదం కావాలి, ఆ కమిటీ మీ కోసం రేపే కూర్చోదు. ఆర్డరు మాటలు మొదలవగానే దరఖాస్తు పెట్టండి, ఖరారు అయ్యాక కాదు.

రోడ్‌టెప్, అంటే ఎగుమతి సరుకు మీద పడిన పన్నులను వెనక్కి ఇచ్చే పథకం, సెజ్ యూనిట్లకు 2024లో వచ్చింది, 2025 ఫిబ్రవరి 5 తర్వాత ఆగింది, జూన్ 1 నుంచి మళ్ళీ మొదలైంది. షిప్పింగ్ బిల్లు వేసే రోజున మీ సరుకుకు రేటు ఎంత ఉందో చూసి, బిల్లులోనే క్లెయిమ్ గుర్తు పెట్టమని సీహెచ్‌ఏకి చెప్పండి. తర్వాత అడిగితే తలనొప్పి.

ఇక్కడి సప్లయర్లు మీకు జీఎస్టీ లేకుండా సరుకు ఇస్తున్నారంటే వాళ్ల ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా పంపడానికి వాళ్లు ఇచ్చే హామీ పత్రం) ఆ ఆర్థిక సంవత్సరానిది కావాలి. ఏప్రిల్‌లో ఒకసారి అందరినీ అడిగి కాపీలు తెప్పించుకోండి.

ఎల్‌ఓఏ ఐదేళ్ల గడువు ముగిసేది ఎప్పుడో కూడా చూసుకోండి. పొడిగింపుకి ఫారం ఎఫ్1 ముగింపుకి కనీసం రెండు నెలల ముందు డీసీ ఆఫీసులో ఉండాలి, ఎన్‌ఎఫ్‌ఈ లెక్కతో సహా. ఆ తేదీకి మూడు నెలల ముందుగా ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. మీ ఫోన్‌లోనూ, అకౌంటెంట్ ఫోన్‌లోనూ.